గంట విని వచ్చినామె

ఉప్పల్‌లో సినిమా హాలు ముందు హీరో కటౌట్‌కు హారతి ఇస్తున్నారు. ఆ కర్పూరం వాసనకు నాచారంలోని మా అద్దె గది గుర్తొచ్చింది.

నాకప్పుడు ఆరేళ్లు. మేం చూసిన సినిమాలో ఎవరు గుడిగంట కొట్టినా హీరో త్రిశూలంతో వచ్చి కాపాడేవాడు. ఒకరోజు నాన్న డ్యూటీకి వెళ్లాక అమ్మ జ్వరంతో కళ్లు తెరవలేదు. హీరో వస్తాడని పూజగంట ఆపకుండా కొట్టాను. రొట్టెలు చేస్తున్నదల్లా హారతి కళ్లకద్దుకుందామని పక్కింటి యాదమ్మత్త వచ్చింది.

"ఏంది బిడ్డా, గీ యాళ పూజ?" అంటూ అమ్మ నుదురు తాకింది. "అయ్యో, పెయ్యంత కాలిపోతున్నది! నడువు, దవాఖానాకు పోదాం."

అమ్మ కోలుకుంది. నేను మాత్రం హీరో రాలేదని అలిగాను. ఆటోలో అమ్మ నుదుట యాదమ్మత్త వేళ్ల జొన్నపిండి విభూతి రేఖల్లా కనబడుతున్నా, వచ్చిందెవరో అప్పుడు తెలియలేదు.