సీరియల్ మనిషి కోసం ఉపవాసం

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయని కంపెనీలన్నీ భయపడిన రోజులు. ఆ పని మీదే నేను సింగపూర్ వచ్చి, సెంబవాంగ్‌లో ఒక తెలుగు ఆంటీ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. ఆమె అక్కడే పుట్టి పెరిగింది. ఓడల యార్డులో పనిచేసిన భర్త చనిపోయారు. ప్రతి శుక్రవారం మా ప్రార్థన కూటం ఆమె హాల్లోనే జరిగేది. సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు, సగం మంది యార్డులో వెల్డర్లు.

ఒక శుక్రవారం ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఆంటీ లేచింది. "ఇంగ్లండ్‌లో నాకు తెలిసిన ఒకామె. నలభై ఏళ్ళుగా వీధి చివర కొట్టు నడుపుతోంది. భర్త లేడు, కొడుకు పలకడు. ఇప్పుడు గుండె ఆపరేషన్."

సంఘ పెద్ద కన్నీళ్ళతో ప్రార్థించారు. శనివారం అందరం ఉపవాసం ఉన్నాం. వెల్డర్లు ఎండలో కూడా మంచినీళ్ళతోనే గడిపారు.

బుధవారం జ్వరంగా ఉండి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. టీవీలో వీడియో క్యాసెట్ నడుస్తోంది. ఆసుపత్రి మంచం మీద ఒక ముసలామె, కొట్టు ఎవరు తెరుస్తారని నర్సును అడుగుతోంది.

"ఈమేనా ఆంటీ?"

"ఈమే. కూర్చో అమ్మా, అలా నిలబడితే పోలీసులొచ్చినట్టుంది లాహ్" అంది సింగపూర్ యాసలో.

పెళ్ళైన కొత్తలో భర్త శిక్షణకు ఇంగ్లండ్ వెళ్తే తనూ వెళ్ళిందట. ఈ టీవీ సీరియల్ అక్కడ అప్పుడే మొదలైంది, నలుపు తెలుపుల్లో, ఒకే ఒక్క వీధి కథగా. కొట్టామె కూడా అప్పుడు కొత్త కోడలే. వీళ్ళు తిరిగొచ్చాక, అక్కడే స్థిరపడిన చెల్లెలు నెలనెలా కథంతా ఉత్తరం రాసేది. బొమ్మకు రంగులొచ్చిన సంగతీ ఉత్తరంలోనే తెలిసింది. తర్వాత క్యాసెట్లు, మూడు నెలలు ఆలస్యంగా. నటులతో పాటే పాత్రలకూ జుట్టు నెరిసింది. నటుడు పోతే కథలో ఆ పాత్రకూ సమాధి కట్టేవారట.

"మరి మాచేత ఉపవాసం ఎందుకు చేయించారు?"

"మీ అంకుల్ ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడు ప్రార్థించమని ఎవర్నీ అడగలేదు. సిగ్గుపడ్డాను. ఈమెకైనా అడుగుదామనిపించింది."

నాకు కోపం వచ్చింది. లేని మనిషి పేరు చెప్పి దేవుని సన్నిధికి వెళ్ళామే అని దిగులూ పట్టుకుంది. టీవీ కూడా విగ్రహమేనని మా సంఘ పెద్ద అనేవారు; శుక్రవారాల్లో ఆంటీ దాని మీద గుడ్డ కప్పేది. నిజం తెలిస్తే కూటం వేరే ఇంటికి మారిపోతుంది. ఆ ఇంటికి మనుషులొచ్చేది వారంలో ఆ ఒక్క రోజే. అది తెలిసి కూడా, "మీరే చెప్పేయండి ఆంటీ" అన్నాను.

శుక్రవారం, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆమె ఆ గుడ్డ తీసేసింది. "బ్రదర్, ఆమె ఇందులో మనిషి" అంటూ మొత్తం చెప్పింది, అంకుల్ సంగతితో సహా.

"అయితే నేను పస్తున్నది టీవీ కోసమా?" అన్నాడు ఒక వెల్డర్. ఎవరో నవ్వు ఆపుకున్నారు.

సంఘ పెద్ద నవ్వలేదు. "తప్పే సిస్టర్. దేవుని ముందు ఉన్నదే చెప్పాలి." ఆమె వైపు తిరిగి అడిగారు, "మీ ఆయన పోయి ఎన్నేళ్ళు?"

"నాలుగు."

"నాలుగేళ్ళు మీ హాల్లో కూర్చుని మీ సంగతి మేమూ అడగలేదు. ఇవాళ మీ కోసం ప్రార్థిద్దాం."

అందరం మోకరించాం. మొదట ప్రార్థించింది ఆ వెల్డరే.

వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ పెద్దగారి భార్య మెల్లగా అడిగింది, "ఇంతకీ ఆమెకెలా ఉంది?"

"ఇంగ్లండ్‌లో అందరికీ తెలుసు సిస్టర్. నాకే క్యాసెట్ రాలేదు."

పెద్దగారు విననట్టే లిఫ్టు వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగారు. "వచ్చే శుక్రవారం కొత్తవాళ్ళు ఇద్దరొస్తారు, క్రాంజీ నుంచి. కుర్చీలు సరిపోతాయా సిస్టర్?"

"చాప వేస్తాను బ్రదర్" అంది ఆంటీ.