తూదా పిన్ని చెప్పిన లాబాస్

మా ఊళ్లో ఎవరినైనా "ఎలా ఉన్నావు?" అని అడగండి, "లాబాస్" అంటారు. ఏ హానీ లేదని. జ్వరంతో మూలుగుతున్నవాడూ అంతే, పొద్దున్నే గాడిద చచ్చినవాడూ అంతే. దేవుడిచ్చినదాని మీద ఏడవకూడదని పెద్దవాళ్లు నేర్పిన మర్యాద. మా తూదా పిన్నయితే మొగుణ్ణి పాతిపెట్టి వస్తూ కూడా, పలకరించినవాళ్లకు "లాబాస్" అనే చెప్పింది.

తర్వాత ఒంటరిగా నలభై ఆపిల్ మొక్కలు నాటింది. వాగు నుంచి వీపు మీద నీళ్లు మోసి పెంచింది. నా పెళ్లికి బుట్టెడు కాయలు తెచ్చి, "ఒరే జైద్, నీ పెళ్లాం నిన్ను కొరుక్కు తినకముందే వీటిని కొరుక్కు తినరా" అని అందరినీ నవ్వించింది. వరసకే పిన్ని, కానీ కడుపు చూసి అన్నం పెట్టే మనిషి.

నేను ఊరి ముఖద్దమ్‌ని. సర్కారు కాగితం ఏదొచ్చినా ఇంటింటికీ మోసేది నేనే. ఆ ఆగస్టులో పావుగంట వడగళ్లు పడి తోటలన్నీ నాశనమైతే, పంటనష్టం రాయడానికి వచ్చిన ఇంజనీరు వెంట నేనే తిరిగాను. ఆయనకు అరబ్బీ తప్ప మా కొండభాష రాదు. పిన్నికి మా భాష తప్ప అరబ్బీ రాదు.

చివరి ఇల్లు పిన్నిది. తోట ఇంటి వెనక, వాగు ఒడ్డున ఉంది. దారి మీదికి కనపడదు. అప్పటికే ఊరిపెద్ద ఇంట్లో మాంసం ఉడికిందని రెండుసార్లు కబురొచ్చింది. ఇంజనీరు జీపు దిగలేదు. "ఎలా ఉందావిడ? తోటకు హాని జరిగిందేమో అడుగు" అన్నాడు.

నేను సగమే అడిగాను. "ఎలా ఉన్నావు పిన్నీ?"

"లాబాస్ నాయనా, దేవుడి దయ."

లాబాస్ అరబ్బీలోనూ ఉన్న మాటే. ఇంజనీరు నవ్వాడు. "హాని లేదని ఆవిడే అంటోందిగా, రాసెయ్."

ఆ మాట ఎందుకంటారో ఆయనకూ తెలుసు. కానీ ఆకలి ఇద్దరిదీ. రాసేశాను. ఛీ, నా బతుకు! కాగితాలు మూడు వారాలు నా ఇంట్లోనే ఉన్నాయి. కొట్టేసి తిరగరాస్తే ఎందుకని అడుగుతారేమోనని భయపడి ముట్టుకోలేదు.

నష్టపరిహారం అందేవాళ్ల జాబితా కచేరీ తలుపుకు అంటించిన రోజు, చదువురాని పిన్ని నా పక్కనే నిలబడింది. "నా పేరెక్కడుందిరా?" అంది. తేలు కుట్టిన దొంగలా రెండుసార్లు చదివినట్టు నటించాను. "లేదు పిన్నీ."

"పోన్లే, పాపం, రాసినాయన మరిచిపోయుంటాడు" అంది.

బెరడు లేచిపోయిన చెట్లు ఎండిపోయాయి. కొత్త మొక్కలకు ఆ పరిహారం తప్ప ఆమెకు దిక్కులేదు. ఒకరోజు వాగువైపు గొడ్డలి చప్పుడు వినపడి పరిగెత్తాను. వంటచెరకుకు అమ్మడానికి తన చెట్లను తనే నరుకుతోంది.

"పిన్నీ, ఆ రోజు ఆయన తోట గురించి అడిగాడు. నేనే నీకు చెప్పలేదు. అన్నానికి ఆలస్యమవుతుందని. నన్ను తిట్టు, కొట్టు."

గొడ్డలి కింద పెట్టి నా ముఖంలోకి చూసింది. లాబాస్ అంటుందని, ఆ ఒక్క మాటతో గట్టెక్కుతానని, సిగ్గులేకుండా ఎదురుచూశాను.

"హాని జరిగిందిరా జైద్" అంది. "చాలా జరిగింది. రాసుకో."