కిటికీలో బోర్లించిన గ్లాసు

మా ఇంట్లో కాగితం కప్పులు మాన్పించింది నేనే. వేదికెక్కి మూఢనమ్మకాల మీద నిప్పులు చెరిగేవాణ్ణి, ఇంట్లో చెత్తబుట్ట పొంగిపోతుంటే ఊరుకుంటానా? కప్పు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుందని, అది మట్టిలో కలవదని, పామిడి దగ్గర ఎండిన పెన్నలో గాలికి దొర్లేవన్నీ అవేనని వాదించాను. కాగితం ప్లేట్లనూ, చేతులు తుడుచుకునే కాగితాలనూ కూడా సాగనంపాను.

"కొళాయి వారానికోసారి వస్తాది. గ్లాసులు కడిగే నీళ్లు మీ ఉపన్యాసంలోంచి పిండుకోవాల్నా?" అంది నా భార్య.

నేనే కడుగుతానని మాటిచ్చి, అన్నీ ఒకేలా ఉండే స్టీలు గ్లాసులు కొనుక్కొచ్చాను.

ఆదివారం సాయంత్రం నా మిత్రుడు వచ్చాడు. ఎస్సీ కాలనీలో ఉంటాడు, బడిలో లెక్కలు చెబుతాడు. కులానికి వ్యతిరేకంగా ఒకే వేదిక మీద గొంతులు చించుకున్నవాళ్లం. ఏళ్లుగా ప్రతి ఆదివారం మా ఇంట్లో కాగితం కప్పుల్లో టీ తాగుతూ పోట్లాడుకున్నవాళ్లం. టీ పెట్టేది ఎప్పుడూ మా అమ్మే. ఆరోజు స్టీలు గ్లాసుల్లో తెచ్చింది. అతని పిల్లల చదువులు అడిగింది. నాకు కడుపు నిండిపోయింది.

అతను వెళ్లాక గ్లాసులు కడగబోతే ఒకటి తగ్గింది. వెతికితే దొడ్డివైపు కిటికీలో బోర్లించి ఉంది.

"ఇదేందమ్మా, ఈడ పెట్టినావు?"

"అది ఆ పిల్లోనిది. ఆడే ఉండనీ."

మా ఇంట్లో కులం లేదనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. ఉంది. టీ తాగిన వెంటనే కప్పుతోపాటు చెత్తబుట్టలోకి పోతుండేది, అంతే.

నాకు తెలిసిన వాదాలన్నీ అమ్మ ముందు పెట్టాను. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.

"నువ్వు చెప్పేది నిజమేరా. వానిమీద నాకేమన్నా కోపమా? చిన్నప్పట్నుంచి చేతికి పట్టిన అలవాటు. ఇప్పుడు యాడికి పోతాది?"

కోపంతో ఆ గ్లాసును మిగతా వాటిలో కలిపేశాను. పొద్దున లేచేసరికి అమ్మ, అతనిది ఏదో తేలక, గ్లాసులన్నీ దొడ్లో పరుచుకుని చింతపండు వేసి తోముతోంది. తాగడానికి పట్టిపెట్టుకున్న బిందె ఖాళీ. అరిచేవాళ్లతో ఎలా వాదించాలో నాకు తెలుసు. ఔను నిజమేనంటూ తోముతూ పోయే ముసలామెను ఏం చేయాలో ఏ చర్చలోనూ నేర్చుకోలేదు. చివరికి ఒక గ్లాసు మళ్లీ కిటికీలోకి చేరింది. తీయడానికి చెయ్యి చాపాను. ఆ ఖాళీ బిందె కనబడి ఆగిపోయాను.

తర్వాతి ఆదివారం అతను కాళ్లు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లి, ఆ గ్లాసు పట్టుకుని లోపలికి వచ్చాడు.

"నాదేనా అన్నా ఇది?"

అతను అందులోనే టీ తాగాడు. తానే కడిగాడు. మళ్లీ అదే కిటికీలో బోర్లించి వెళ్లాడు. ఇక రాడనుకున్నాను.

వచ్చాడు. కూర్చోగానే చొక్కా జేబులోంచి కాగితం కప్పు తీశాడు.

"దీంట్లో పొయ్యన్నా. అమ్మకు తోమే పని తప్పుతాది."

"నాకూ ఒకటియ్యప్పా."

"నువ్వు మానుకున్నావు కదన్నా!" అని పకపకా నవ్వాడు.

పోశాను. ఇంకేం చేయను? తాగి, కప్పు మడిచి మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. "మీ ఇంట్లో కాగితం ఉండగూడదు కదా."

అతను లేస్తుంటే అమ్మ గడపలోకి వచ్చింది. "వచ్చే వారం పిల్లోల్లను గూడా తోడుకోని రాప్పా. చూసి ఎన్నాళ్లయిందో" అంది. మనసులోంచే అంది.

"అట్లేలేమ్మా" అన్నాడు. చెప్పులేసుకుంటూ, అమ్మకు వినబడకుండా నన్నడిగాడు.

"వాళ్లకు గూడా కప్పులు తెచ్చేదా అన్నా?"