ఇస్సాకు సార్ చెప్పిన అర్థం

మీర్‌పేట్‌లోని రేకుల ప్రార్థనా మందిరంలో ఇస్సాకు సార్ ఇరవై ఏళ్లు ఆదివారం బైబిల్ తరగతి నడిపారు. సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. పెళ్లి, పవిత్రత, వ్యభిచారం గురించి వాక్యం ఏమంటుందో ఆయన చెబితే ఎదురు మాట ఉండేది కాదు.

2011లో ఆ మందిరం సంఘంలోని ప్రవీణకు, ఆర్టీసీ కండక్టర్ కమలాకర్‌కు ప్రధానం, అంటే పెళ్లి నిశ్చయం, జరిగింది. పెళ్లి సెప్టెంబరు చివర్లో అనుకున్నారు. ఈలోగా తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. ఎల్బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో చేస్తుంటే కమలాకర్‌ను పట్టుకెళ్లి జైల్లో పెట్టారు. అతను విడుదలై వచ్చేసరికి ప్రవీణకు నాలుగో నెల. బిడ్డ తనదేనని అతను దాచకుండా చెప్పాడు.

సంఘ పెద్దలు కూర్చున్నారు. పాస్టర్ ప్రసాదరావుది గుంటూరు వైపు.

"ఆ అమ్మాయి సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలండీ. ఆ తర్వాతే పెళ్లి మాట. మాకు నేర్పింది మీరే కదా, సార్" అన్నారాయన.

"పిల్ల ఒక్కతేనా? పిలగాడు నిలబడడా?" అని అడిగారు ఇస్సాకు సార్.

 ఆయన మత్తయి సువార్త తెరిచారు.

"తనకు ప్రధానమైన మరియ కడుపుతో ఉన్నదని తెలిసిన్నాడు యోసేపుకు అసలు సంగతి చెప్పే దేవదూత ఇంకా కనబడలే. తప్పు జరిగిందనే అనుకున్నడు. అయినా నలుగుర్ల ఆమె పరువు తియ్యొద్దనుకున్నడు. గందుకే ఆయన్ని నీతిమంతుడన్నరు. నేనేమో ఇన్నేండ్లు తప్పు బయట పెట్టుడే నీతి అని చెప్పిన."

"అయితే పాపం కాదంటారా?"

"కాదనలే. పెండ్లి దాకా ఆగాలెనని రేపు గూడ చెప్త."

 పదేళ్ల కిందట సుమిత్రమ్మ అనే వితంతువును అలా సంఘం ముందు నిలబెట్టించింది ఇస్సాకు సారే. వారం తిరక్కుండా ఆమె ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయింది.

"ఆనాడు వాక్యం చదివిన. ఆమె మొఖం చూడలే" అన్నారు మెల్లగా.

పెద్దలు ఒప్పుకోలేదు. నవంబరులో ఇస్సాకు సార్ ఇంటి ముందు షామియానా వేశారు. కర్మన్‌ఘాట్ నుంచి వేరే సంఘం పాస్టర్ వచ్చి పెళ్లి జరిపించారు. మందిరం నుంచి వచ్చినవి మూడు కుటుంబాలే. తరగతి ఆయన చేతిలోంచి తీసేశారు. అయినా ప్రతి ఆదివారం వెళ్లి వెనక చాప మీద కూర్చునేవారు.

ఏప్రిల్‌లో పాప పుట్టింది. బిడ్డను దేవునికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థనకు ప్రవీణ ఆ మందిరానికే తెచ్చింది. పాస్టర్ ప్రసాదరావు కాసేపు తటపటాయించి, చేతులు చాచి పాపను ఎత్తుకున్నారు, ప్రార్థన చేశారు. తరగతి మాత్రం సార్‌కు తిరిగి ఇవ్వలేదు. ఆయనా అడగలేదు.