కీచుబూట్లు ఏ వరస?

దేవుడు లోకాన్ని సృష్టించి చిందరవందరగా వదిలేస్తే, దాన్ని సర్దిపెట్టింది అమ్మమ్మే. దిగుమతి సుంకాల ఆఫీసులో వేల రకాల సరుకుల పట్టికను కొద్ది వరసల్లోకి కుదించడం ఆమె పని. ఇంట్లోనూ దువ్వెననూ బ్రష్షునూ ఒకే గ్లాసులో పడేసి, "రెండూ పళ్ల సామానేగా!" అంటుంది. ఒకరోజు, అడుగేస్తే కీచుమనే పిల్లల కీచుబూట్ల దగ్గర పట్టిక ఆగిపోయింది. పాదరక్షలని తోటి ఉద్యోగుల్లో ఒకరు, బొమ్మలని ఒకరు, వాయిద్యాలని ఇంకొకరు పట్టుబట్టారు. పట్టిక గడువు ఆ సాయంత్రమే; అప్పటికి తేలకపోతే అమ్మమ్మ ఏళ్ల కష్టం చెత్తబుట్టపాలే. ఆమె కళ్లజోడు నెత్తిమీదికి తోసి, బూట్లు చేతులకు తొడుక్కుని, బల్లంతా కీచుకీచుమంటూ నడిపించింది. పెద్దాఫీసరు పొట్ట పట్టుకుని నవ్వుతూ, "నడిచాయి గనక పాదరక్షలే! ఇక ఆపండి మేడమ్!" అని సంతకం పెట్టేశాడు. ఇంటికొచ్చి ఆ ముచ్చట చెబుతుంటే మనవడు కీచుగొంతుతో అడ్డుతగిలాడు. "మరి నేను ఏ వరసలోకి వస్తాను అమ్మమ్మా?"

"నువ్వా? బూటు లేని కీచువిరా!"