రెండో సంచిలో అమ్మ చేప

మొన్న పొద్దున సలహా కోసం మా ప్రోతరాపూర్ ఇంటికి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని, రేడియేషన్ పరీక్షకి ప్రతి రకం చేపనీ రెండు సంచుల్లో పెట్టమంటారేమిటి మేడమ్, ఒకటి పేగులతో సహా, ఇంకొకటి బాగుచేసి ఉప్పు పట్టించి, ఈ పద్ధతి ఎవరు పెట్టారు అని అడిగింది. మా అమ్మ అన్నాను. ఆ పిల్ల నవ్వింది గానీ నేను ఉన్నమాటే చెప్పాను.

శ్రీకాకుళం తీరం నుంచి వలలతో సహా సముద్రం దాటి వచ్చి ఈ దీవుల్లో జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డ జాలరివాళ్ల పిల్లని నేను. మా వాళ్లలో అణుభౌతికశాస్త్రం చదివి ప్రయోగశాలలో అడుగుపెట్టిన మొదటి మనిషిని కూడా నేనే, ఇది చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. పెద్ద దేశాలు బాంబులు పేల్చి చూసుకుంటున్న ఆ రోజుల్లో, ఆ ధూళి మన సముద్రంలో చేపలదాకా వస్తోందా అన్నది తేల్చే పని నేనే అడిగి తీసుకున్నాను. చేపని ఉన్నదున్నట్టు తెచ్చి, కాల్చి బూడిద చేసి, ఆ బూడిదని కొలవాలి. మా పై అధికారికి నా మీద అంత గురి లేదు, మొదటి విడత చెడితే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని ముందే చెప్పేశాడు.

నాన్న వేటనుంచి తెచ్చిన చేపల్ని ఐసుపెట్టెలో సర్ది, మర్నాటి మద్రాసు ఓడకి టిక్కెట్టు కోసం వెళ్లొచ్చేసరికి పెట్టె ఖాళీగా ఉంది, చేపలన్నీ పెరట్లో ఎండుతున్నాయి. ఓడ ప్రయాణానికి మా ఇళ్లలో చేపని కట్టే తీరుగానే అమ్మ పొట్టలు చీల్చి, పేగులు పిల్లులకి వేసి, ఉప్పు దట్టించేసింది. నాకు ఏడుపొచ్చింది, నా ఏడుపు చూసి అమ్మకి కోపమొచ్చింది.

“పెద్దోళ్లకి పేగుల్తోటి పంపిత్తే మన ఇజ్జత్ ఏటవుద్దే? తినే మనిసికి తినేలాగే పంపాల.”

మళ్లీ చేపలు తెమ్మంటే, గాలి ముదిరింది, పడవ దించలేనన్నాడు నాన్న. ఆ మూటతోనే ఓడెక్కి మొదటిరోజంతా అమ్మ మీద ఉడికిపోయాను. రెండోరోజు డెక్కు మీద కూర్చుని ఉండగా అమ్మ అన్న ‘తినే మనిషి’ గుర్తొచ్చి లేచి నిలబడ్డాను. మేం ఇంత కొలిచేది ఎవరికోసం? పేగులతో ఉన్న చేప సముద్రం సంగతి చెబుతుంది, మనిషి ఒంట్లోకి ఎంత పోతోందో చెప్పాల్సింది మాత్రం అమ్మ బాగుచేసిన చేపే. ఓడ దిగి ప్రయోగశాలకి వెళ్లి, పై అధికారి బల్ల మీద మూట విప్పి ఇదే చెప్పాను. ఆయన ఒక చేపని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ఈసారి రెండు రకాలూ పట్టుకురా అన్నాడు. రిటైరయ్యేదాకా ఆ పని నాదే అయింది, మన చేప నిశ్చింతగా తినొచ్చని మా వాళ్లకి నా నోటితో నేను చెప్పగలిగాను.

ఆ తర్వాత సెలవుకి వెళ్లినప్పుడల్లా లెక్క తప్పకుండా చేపనీ ఉప్పునీ ముందే తూచి అమ్మ చేతికిచ్చేదాన్ని. అంత మంచి చేపని కాల్చి బూడిద చేస్తారంటే ఆవిడ చివరిదాకా నమ్మలేదు. మళ్లీ వెళ్లేసరికి ఆవిడ మొదట అడిగేది, మీ పెద్దాయనకి ఉప్పు సరిపోయిందా అని, సరిపోయిందమ్మా అనేదాన్ని.

ఇప్పుడు ఆ రెండో సంచిలో చేపని ప్రయోగశాలలోనే గ్లవుజులు వేసుకుని బాగుచేస్తున్నారట, అంతా నా రోజులకన్నా నిక్కచ్చిగా ఉంది, నాకు సంతోషమే. ఉప్పు సరిపోయిందా అని అడిగేవాళ్లే లేరు.