వేపమాను, కోత మిషను, మా ఇంటి తలుపు

మా ఇంటికి తలుపు రాకముందు ఆ పని నా వీపు చేసేది.

ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోయే దారిలో మా ఊరు. అరవైల మొదట్లో మా వైపు మట్టిగోడలు, తాటాకు కప్పు, గుమ్మానికి ఒక తాటాకు తడిక ఉంటే ఇల్లన్నట్టే. దొంగల భయం లేదు. మా ఇంట్లోకి వచ్చిన దొంగ జాలిపడి తన దగ్గరున్నది పెట్టిపోవాల్సిందే. భయమల్లా గాలికే. ఒక ఏడాది వానల్లో సముద్రపు గాలి లేచి తడిక కట్లు తెంపితే, రెండు రోజులు నేను దానికి వీపు ఆనించి గుమ్మంలో కూర్చున్నాను. ఒళ్ళో జ్వరంతో చంటిబిడ్డ. పక్కన సగం తడిసిన బియ్యపు కుండ. తాడు తెస్తానని వెళ్ళిన మా ఆయన, వాన వెలిశాక తాడుతో వచ్చారు. మంచి తాడే.

ఆ గాలికే పెరట్లో వేపచెట్టు పడింది. అందరూ అయ్యో అన్నారు. నేను అనలేదు. రెండు చేతులు చాపినా అందని మాను, లోపల తొర్ర లేదు. అందులో నాకు రెండు రెక్కల తలుపు కనిపించింది. వచ్చే వానలకు నా వీపుకు సెలవని అప్పుడే అనుకున్నాను.

మాను ఎండింది. ఇక రంపపు కోత వాళ్ళను పిలిస్తే సరి. ఇద్దరు మనుషులు, ఒక పెద్ద రంపం, రెండు రోజుల పని. ఆ మాటే మా ఆయనతో అన్నాను.

"వాళ్ళకు కూలి దేనికి మే? నేనే కోత మిషను కడతా. టౌన్లో చూసొచ్చినా. రెండు చక్రాలు, వాటి మీద బెల్టు మాదిరి రంపం, తిప్పేదానికి ఇంజను. అంతే గదా."

"తలుపు కావాలంటే మిషను కడతావా? అన్నం ఉడికేదానికి పొయ్యి చాలదా, రైలింజను కావాల్నా?"

"నీకు తెలీదులే."

తెలియదన్నది నిజమే. నేను చదివింది చర్చి బడిలో మూడో తరగతి. మా ఆయన అయిదు. పైగా అంతకుముందు ఏడాది పొరుగాయన సైకిలుకు చెయిను ఎక్కించిన అనుభవం కూడా ఉంది. ఆయనకు తోడు మా మరిది. నెల్లూరులో ఒక వర్కుషాపులో రెండు నెలలు పనిచేసి, ఒక రెంచి, నాలుగు ఇంగ్లీషు మాటలు సంపాదించుకుని వచ్చాడు. నట్టు బిగించినప్పుడల్లా "టైటు" అనేవాడు. అది ఊడినప్పుడు ఏమనాలో అక్కడ నేర్పలేదు.

ఇంజను సముద్రం దగ్గరి తోటలో దొరికింది. అక్కడి రైతు బావిలో ఉప్పునీళ్ళు పడితే, నీళ్ళు తోడే ఆయిలింజనును కొట్టంలో పడేశాడు. మేము ఒక బండెడు గడ్డి ఇచ్చి దాన్ని తెచ్చుకున్నాం. లోపల కోడి పెట్టి వదిలేసి పోయిన గుడ్లు తొమ్మిది ఉన్నాయి. వాటిలో నాలుగు బాగున్నాయి. చాలా రోజుల పాటు ఆ ఇంజను వల్ల మా ఇంటికి ఒనగూరిన లాభం ఆ నాలుగు గుడ్లే.

ఎండాకాలమంతా అన్నదమ్ములిద్దరూ దాన్ని విప్పి, కిరసనాయిలుతో కడిగి, మళ్ళీ బిగించారు. బిగించిన ప్రతిసారీ రెండు మూడు ముక్కలు మిగిలేవి. "ఇవి అక్కరలేనివి వదినా, కంపెనీవాళ్ళు ఊరికే పెడతారు," అనేవాడు మా మరిది. మొదటిసారి నడిపేరోజు చర్చి అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించారు. ఆయన ఆమేన్ అన్నారు, మా ఆయన హ్యాండిలు తిప్పారు, ఇంజను ఒకసారి దగ్గి అయ్యగారి తెల్లచొక్కా మీద పొగంతా వదిలి ఆగిపోయింది. అయ్యగారు మంచివారు. రెండోసారి కళ్ళు తెరుచుకుని, దూరంగా నిలబడి ప్రార్థన చేశారు. అప్పుడు నడిచింది. ఇంజను చల్లబడడానికి పక్కన పెట్టిన పీపాలో నీళ్ళు వేడెక్కేవి. ఆ రోజు నుంచి బిడ్డ స్నానానికి నేను పుల్ల వెలిగించలేదు.

ఆ తర్వాత అసలు సంగతి బయటపడింది. చక్రాలు నిలబెట్టడానికి గట్టి చట్రం కావాలి. చక్రాలు కూడా చెక్కవే చెయ్యాలి. అంత గట్టి చెక్క ఎక్కడుంది? ఇద్దరూ నా వేపమాను వైపు చూశారు.

దాన్ని దూలాలుగా కొయ్యడానికి ఎవర్ని పిలిచారనుకున్నారు? రంపపు కోత వాళ్ళనే. ఏ కూలి మిగల్చడానికి మిషను తలపెట్టారో ఆ కూలి ఇచ్చి, ఆ ఇద్దరికీ నా చేత అన్నం వండించి, నా తలుపును కోసి మిషనుకు కాళ్ళు చేతులు చేశారు. మాను మొదలు ముక్క ఒక్కటి మిగిలింది.

"ఇంకొక్క పూట వాళ్ళనే ఉండమని ఈ ముక్క గూడా కోయించు. నా తలుపైపోతాది," అన్నాను.

మా ఆయన నన్ను జాలిగా చూశారు. "మిషను పెట్టుకోని చేత్తో కోయిస్తే జనం నవ్వరా మే?"

జనం అప్పటికే నవ్వుతున్నారు. ఆ చప్పుడు ఆయనకు వినబడకుండా ఇంజను కాపాడుతూ ఉండేది.

టౌన్లో కోత మిల్లు వాళ్ళు తెగిందని పారేసిన రంపపు పట్టా ఒకటి తెచ్చారు. కంసాలి నా విరిగిన ఇత్తడి గరిటె కరిగించి దాన్ని అతికాడు. చక్రాలకు సైకిలు ట్యూబులు తొడిగారు. అంతా సిద్ధమైంది. ఇంజను నడిచింది, చక్రాలు తిరిగాయి, పట్టా ఒక పక్కకు జరుగుతూ జరుగుతూ పోయి ఊడి, పాము మాదిరి లేచి బట్టలారేసిన దండాన్ని తెంపింది. మా ఆయన ఎగిరి మంచం మీదికెక్కారు. మా మరిది "టైటు!" అని అరుస్తూ దొడ్డి దాటాడు.

ఆ నెలంతా అదే వరస. పట్టా ఎక్కించడం, అది జారడం, వీళ్ళు పరుగెత్తడం. క్యాలెండరు వెనక మా ఆయన గీసిన బొమ్మలో మాత్రం అది ఏనాడూ జారలేదు. బొమ్మ ప్రకారమే చేశామని ఇద్దరూ బొమ్మను చూసి బాధపడేవారు.

సెప్టెంబరు వచ్చింది. అక్టోబరు వస్తే మా వైపు ఆకాశాన్ని నమ్మడానికి లేదు. తడిక అప్పటికే రెండు చోట్ల చివికింది.

నాకు మిషన్ల సంగతి తెలియదు గాని రైసు మిల్లు తెలుసు. ఒడ్లు ఆడించడానికి పోతే నేను బయట చెట్టు నీడన కూర్చునే రకం కాదు. నా తవుడు, నా నూకలు వేరేవాళ్ళ గోతాంలోకి పోకుండా గింజ పడే చోటే నిలబడతాను. అట్లా ఎన్నో ఏళ్ళు నిలబడి, కళ్ళెదుట తిరిగే బెల్టు చక్రాన్ని చూశాను. దానికి నడుమ కొంచెం పొట్ట ఉంటుంది. బెల్టు ఎప్పుడూ ఆ పొట్ట మీదికే ఎక్కి కూర్చుంటుంది, జారదు. మీ చక్రాలు పలక మాదిరి చదునుగా ఉన్నాయి గదా అన్నాను.

మా ఆయన నవ్వారు. "తవుడు చూసొచ్చిన మనిషి మనకు ఇంజనీరింగు చెప్తుండాది రా!"

మా మరిది కూడా నవ్వాడు. కాని వాడు నవ్వుతూ నవ్వుతూ ఆగి, చక్రం వైపు చూశాడు. మర్నాడు మా ఆయన పొలానికి పోయాక, ట్యూబును సన్నగా కోసి చక్రం అంచు మీద నట్టనడుమ ఒక చుట్టు చుట్టి, దాని మీద వెడల్పు ట్యూబు తొడిగాడు. చక్రానికి పొట్ట వచ్చింది. ఇంజను నడిపితే పట్టా కాసేపు అటూ ఇటూ చూసి, నడుమకు వచ్చి అక్కడే తిరగసాగింది. మా మరిది నోట ఇంగ్లీషు రాలేదు. "వదినా, నిలబడిందే!" అన్నాడు.

సాయంత్రం మా ఆయన వచ్చి చూశారు. చక్రం చుట్టూ ఒకసారి తిరిగారు. "నేను పొద్దన్నే అనుకున్నా, చక్రం నడుమ ఎత్తు చాలదని," అన్నారు. ఆ మాట ఆ వారంలో ఊరందరికీ చెప్పారు.

ఇక తలుపు వచ్చినట్టే అనుకున్నారా? నేనూ అనుకున్నాను. మిషను నడుస్తోందని తెలియగానే మానులతో బండ్లు వచ్చాయి. ఒకరికి బండి పలకలు, మైపాడు వైపు వాళ్ళకు పడవ చెక్కలు. పెద్దరైతు గొడ్ల కొట్టానికి తలుపు చెక్కలు కూడా కోసిచ్చారు. గొడ్లకు తలుపు వచ్చింది. నా మొదలు ముక్క మాత్రం అక్కడే ఉంది. దాని మీద వచ్చినవాళ్ళు కూర్చుని మా ఆయన్ను పొగిడేవారు. కూలి అడగడానికి ఆయనకు మొహమాటం. రంపపు పొట్టు మాత్రం నేను ఒక్క చాటెడు కూడా బయటికి పోనివ్వలేదు, పొయ్యిలోకి పనికొస్తుంది.

"నాదెప్పుడయ్యా?" అంటే, "ఇంట్లోదే గదా, ఎక్కడికి పోతాది?" అనేవారు.

అక్టోబరు రెండో వారంలో చర్చి బెంచీలకని తుమ్మ మానులు వచ్చాయి. తూర్పున మబ్బు పట్టింది. ఆ పొద్దున మా ఆయన ఇంజను దగ్గరికి పోతే హ్యాండిలు లేదు. హ్యాండిలు లేకుండా ఆ ఇంజను తిరగదు. అన్నదమ్ములిద్దరూ కొట్టం, గడ్డివామి, బావిగట్టు వెతికారు. కోడిగంప కూడా ఎత్తి చూశారు. నేను బియ్యం కొలిచి అన్నం వండిపెట్టాను. హ్యాండిలు ఆ బియ్యపు కుండలోనే ఉంది. మా ఇంట్లో మగవాళ్ళ చెయ్యి పడని చోటు అదొక్కటే.

మధ్యాహ్నానికి ఆయనకు అనుమానం వచ్చింది. "మే, నువ్వు గాని తీసినావా?"

"తీసినా. నా మాను కోసేదానికైతే ఇస్తా."

"దేవుడి బెంచీలు మే! అయ్యగారు ఏమనుకుంటారు?"

అయ్యగారు స్వయంగా వచ్చారు. మెత్తగా మొదలుపెట్టారు. "అమ్మా, ప్రభువు మందిరం పని ముందు గదా."

"ప్రభువు పశువుల పాకలో పుట్టినాడు గదయ్యగారూ. తడిక ఇంట్లో వాన పడితే ఎట్టుంటాదో ఆయనకు నేను చెప్పాల్నా? ఆయన ఆగతాడు. ఆగనిది వాన."

అయ్యగారు మబ్బు చూశారు, మా తడిక చూశారు, మా ఆయన్ను చూశారు. "ముందు అమ్మగారిది కోసెయ్యి నాయనా," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

అన్నం తిన్నాక కుండలోంచి హ్యాండిలు తీసి, బియ్యపు గింజలు కుండలోకే దులిపి ఇచ్చాను. సాయంత్రానికి నా ముక్క చెక్కలైంది. వడ్రంగి చిత్రిక పడతానంటే వద్దన్నాను. నునుపు కోసం చెక్కను తరగడమెందుకు? అందువల్ల మా తలుపు మీద రంపపు గీతలు ఇప్పటికీ ఉన్నాయి, దువ్విన జుట్టు మాదిరి. నాలుగో రోజు తలుపు నిలబడింది. అడ్డగడియ కూడా ఆ మానుదే.

ఆరో రోజు మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి, దానితో వాన. మిషను మీద గోతాలు కప్పడానికి మా ఆయన పరుగెత్తారు. నేను తలుపు వేసి గడియ పెట్టాను. గాలి వచ్చి ఒకసారి తోసి చూసింది. తలుపు కదల్లేదు. గోడవార చాప మీద బిడ్డ నిద్రపోతోంది. ఏం చెయ్యాలో తోచక కాసేపు వీపు నిటారుగా పెట్టుకుని ఊరికే కూర్చున్నాను.

అప్పుడు తలుపు తట్టిన చప్పుడు. మా ఇంట్లో అంతకుముందు వినని చప్పుడు. తడికను ఎవరు తడతారు?

"ఎవరూ?"

"నేనే మే!"

"నేనంటే?"

"తడిసిపోతుండా, గడియ తియ్ మే!"

"మిషను కనిపెట్టినాయనేనా?"

వాన ఇంకా జోరందుకుంది. తలుపు సందులోంచి మాట వచ్చింది.

"పొట్ట సంగతి నువ్వే చెప్పినావులే. తియ్."

ఊరందరి ముందూ చెప్తావా అని కూడా అడిగి ఉండేదాన్ని. బిడ్డ లేస్తుందని తీశాను.